క్రేన్ అమ్మాయి గుండె కేసు

"పట్టుకోండి! రెండు చేతులతో కమ్మీ పట్టుకోండి!"

ఫిజియో అరిచిన అరుపుకి గోడవార కూర్చున్న, ట్రెడ్‌మిల్ మీది అమ్మాయి తండ్రి చేతిలోంచి గొడుగు జారి కింద పడింది.

తెర మీద పల్స్ అంకె నూట ముప్పై దాటింది. అలారం కీచుమంది.

ట్రెడ్‌మిల్ ఇంకా పరుగే అందుకోలేదు. షాపుల అద్దాలు చూసుకుంటూ తీరిగ్గా నడిచేవాళ్ళ వేగంతో కదులుతోంది. ఆ నడకకి ఎవరి గుండె అయినా ఆవులించాలి. ఈ అమ్మాయి గుండె మాత్రం వెనక ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతోంది.

అతను మీట తిప్పి పట్టాని మెల్లగా ఆపాడు. ఒక్కసారిగా ఆపితే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. పట్టా నిలిచేదాకా ఆమె మోచేతికి అంగుళం దూరంలో చెయ్యి చాపి, తాకకుండా కాపలా కాశాడు.

అంకె ఇంకాస్త పెరిగింది.

"తల నొప్పిగా ఉందా?"

"లేదు."

"తిరుగుతోందా?"

"లేదు."

"వెలుతురు గుచ్చుకుంటోందా? వికారం?"

"టవల్ గారూ, ఏమీ లేదని చెబుతున్నానా! నొప్పి పదికి సున్నా. కావాలంటే సంతకం పెట్టిస్తాను."

అతని భుజం మీద ఎప్పుడూ ఓ తెల్ల టవల్ ఉంటుంది. వచ్చిన మొదటి వారంలోనే ఆమె ఆ పేరు పెట్టేసింది. ఇప్పుడు రిసెప్షన్‌లో అక్క కూడా ఫోనులో "టవల్ గారు బిజీగా ఉన్నారండీ" అంటోంది.

అతను ఆ సున్నాని నమ్మలేదు. నమ్మకపోవడానికి గట్టి కారణమే ఉంది. ఈ సాయంత్రం క్లినిక్ మూసేలోగా నయమైందన్న సర్టిఫికెట్ వెళ్ళకపోతే ఆమె క్రేన్ రేపు పొద్దున్న ఇంకొకరి చేతికి పోతుంది. అలాంటి రోజున తల రెండుగా పగిలిపోతున్నా ఈ మనిషి సున్నా అనే అంటుంది.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. తండ్రి అందుకుని, అవతలి మాట విని, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి కూతురితో అన్నాడు. "అమ్మడూ, మీ సైట్ మేనేజర్. కొత్త ఆపరేటర్ సామానుతో సహా వచ్చేశాట్ట. నీ సంగతి ఏమైందని అడుగుతున్నాడు."

"సాయంత్రానికి పంపిస్తున్నామని చెప్పు నాన్నా."

తండ్రి ఫిజియో వంక చూశాడు. ఫిజియో తెర వంక చూశాడు. అంకె దిగడం లేదు.

"సాయంత్రానికి... చూస్తామని చెప్పండి" అన్నాడు ఫిజియో.

ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది.

* * *

ఆమె టవర్ క్రేన్ ఆపరేటర్. కడుతున్న భవనం నెత్తిన, గాజు గదిలో కూర్చుని, కింద చీమల్లా కనిపించే మనుషుల మధ్యకి ఇనుప దూలాల్ని పూలగుత్తుల్లా దించుతుంది. సైట్ స్టోరులో హెల్మెట్లు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగంతో మొదలుపెట్టి, "అంత ఎత్తు నీకెందుకమ్మా" అన్న ప్రతివాడి నోరూ మూయించి, ఆ కుర్చీ సంపాదించుకుంది. అది చేజారితే మళ్ళీ స్టోరే. ఒకసారి దిగిన ఆడపిల్లని మళ్ళీ పైకి ఎక్కించడానికి ఎవరూ తొందరపడరని ఆమెకి బాగా తెలుసు.

తలకి దెబ్బ మాత్రం క్రేన్ మీద తగల్లేదు. అంత ఎత్తు నుంచీ క్షేమంగా నిచ్చెన దిగి, హెల్మెట్ తీసి, సైట్ ఆఫీసులో కిందపడ్డ పెన్ను కోసం వంగి లేవబోతే, తెరిచి ఉన్న ఇనుప అల్మరా తలుపు నడినెత్తిన తగిలింది.

స్కానింగులో అంతా శుభ్రంగానే ఉంది. "కంకషన్. మెదడు అదిరింది, అంతే. విశ్రాంతి తీసుకోండి" అన్నారు ఆస్పత్రిలో.

ఎంత విశ్రాంతో ఎవరూ చెప్పలేదు. తండ్రి స్కూలు బస్సు డ్రైవరు. జాగ్రత్త అంటే అతనికి ప్రాణం. కూతురి గది కిటికీలకి నల్లటి తెరలు కట్టాడు. ఫోన్ లాక్కున్నాడు. టీవీకి దుప్పటి కప్పాడు. మంచం దిగితే కేకలేశాడు. వారాలు గడిచేకొద్దీ ఆమెకి నయం కావలసింది పోయి, లేచి నిలబడితే దడ, నాలుగు మెట్లెక్కితే తలపోటు మొదలయ్యాయి.

అప్పుడు తీసుకొచ్చారు ఈ క్లినిక్‌కి. చీకటి గదిలోంచి వచ్చిన మనిషి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తండ్రి భుజం పట్టుకుని లోపలికి నడిచింది. ఫిజియో కాగితాలు తిరగేసి, మొదటి మాటే పుల్లవిరుపుగా అన్నాడు.

"దెబ్బ తలకి తగిలితే కాళ్ళనెందుకు పడుకోబెట్టారు?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "సరదాపడి కాదండీ. మీలాంటి డాక్టరే పడుకోమన్నాడు."

"మొదటి ఒకటి రెండు రోజులు పడుకోవాలి. ఆ తర్వాత కూడా పడుకుంటే నరాలు బద్ధకం నేర్చుకుంటాయి."

"నా నరాలకి మర్యాద నేర్పండి గానీ, ముందు మీరు నేర్చుకోండి."

తండ్రి కంగారుగా, "అమ్మడూ, డాక్టరుగారితో..." అన్నాడు.

"నేను డాక్టర్ని కాదండీ, ఫిజియోని" అన్నాడు అతను. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత గొంతు తగ్గించి, స్టూలు దగ్గరికి లాక్కుని, విడమరిచి చెప్పాడు. మెదడు అదిరినప్పుడు గుండెకీ రక్తనాళాలకీ ఆజ్ఞలిచ్చే నరాలు కంగారుపడతాయి. ఎప్పుడు వేగం పెంచాలో, ఎప్పుడు బ్రేకు వెయ్యాలో లెక్క తప్పుతుంది. వాటికి మళ్ళీ సాధన కావాలి. నడకో, సైకిలో. తలనొప్పి ఏ పల్స్ దగ్గర మొదలవుతుందో కనిపెట్టి, దానికి కొంచెం కిందే రోజూ వ్యాయామం చేస్తూ పోతే ఆ హద్దు తనంత తానే పైకి జరుగుతుంది.

"అంటే లోడ్ లిమిట్" అంది ఆమె.

"ఏంటీ?"

"క్రేన్‌లో ఉంటుంది. మోసే బరువు హద్దు దగ్గరికి రాగానే మోత మోగుతుంది. మోగక ముందు దాకా హాయిగా పని చేసుకోవచ్చు. మోగుతుందేమోనన్న భయంతో క్రేన్‌కి దుప్పటి కప్పి ఇంటికి పోం కదా!"

తండ్రి తల దించుకున్నాడు. ఫిజియో చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఇన్నాళ్ళలో ఈ సంగతి ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు."

"మీరెవర్నయినా చెప్పనిచ్చారా?"

ఆ రోజు నుంచీ అతను ఆమె వచ్చే రోజుల్లో చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తున్నాడని రిసెప్షన్ అక్క కనిపెట్టింది. అతను మాత్రం కనిపెట్టలేదు.

* * *

వైద్యం దారిన పడింది. నల్ల తెరలు దిగాయి. నడక వేగం పెరిగింది. ఛాతీకి కట్టుకునే పల్స్ బెల్ట్ ఒకటి అతను ఆమెకి ఇచ్చాడు. ఇంట్లో ఆమె కదలని సైకిల్ తొక్కుతుంటే ఆ రీడింగులు ఇక్కడ అతని కంప్యూటర్‌లో కనిపిస్తాయి. హద్దు వారం వారం పైకి జరిగింది. ఎండలో కళ్ళద్దాలు లేకుండా నవ్వుతూ వచ్చిన రోజున అతను టవల్ రెండు భుజాలకీ మార్చి మార్చి వేసుకున్నాడు.

చిక్కు ఈ మధ్యే వచ్చి పడింది. అదే మనిషి, అదే బెల్ట్. ఇంట్లో చెమటలు కారేలా తొక్కినా గుండె బుద్ధిగా ఉంటుంది. క్లినిక్‌లో అడుగు పెడితే చాలు, గంతులేస్తుంది. వచ్చినప్పుడల్లా గంతు ఇంకాస్త పెద్దదవుతోంది.

అంటే నరాలు ఇంకా కుదుటపడలేదా? బ్రేకులు ఇంకా పట్టడం లేదా? ఆ స్థితిలో ఆమెని పైకి పంపితే, గాలిలో ఇనుప దూలం వేలాడుతుండగా కళ్ళు బైర్లు కమ్మితే? కింద ఉన్నవాళ్ళ గతేమిటి? ఆమె గతేమిటి? ఈ మాట తల్చుకున్నప్పుడల్లా అతనికి అన్నం సహించడం లేదు.

అందుకే ఇవాళ నేరస్థుణ్ణి పట్టుకోవాల్సిందేనని తీర్మానించుకున్నాడు.

"కాఫీ తాగారా?"

"మీరు వద్దన్న రోజు నుంచీ ముట్టుకోలేదు."

"మెట్లెక్కి వచ్చారా?"

"మీ లిఫ్టులోనే వచ్చాం. అది మా క్రేన్ కన్నా భయంకరంగా ఊగుతోంది."

"రాత్రి నిద్ర?"

"గుర్రుపెట్టింది బాబూ, గోడలు అదిరేలా" అన్నాడు తండ్రి.

"నాన్నా!"

"అడుగుతున్నారు కదమ్మా. నిజం చెప్పొద్దూ?"

ఫిజియో నవ్వలేదు. కంప్యూటర్‌లో ఇంటి రీడింగులు తెరిచాడు. చల్లగా, నీటుగా, పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. ఇంత బాగుండటమే అనుమానంగా ఉంది. కాఫీ కాదు, మెట్లు కాదు, నిద్ర కాదు. ఇక మిగిలింది ఒక్కటే. అడగకూడదనుకుంటూనే అడిగేశాడు.

"ఇంట్లో ఈ బెల్ట్ కట్టుకుంటున్నది... మీరేనా?"

ఆమె ట్రెడ్‌మిల్ దిగి అతని ఎదుట నిలబడింది.

"మళ్ళీ అనండి" అంది ఆమె.

"తప్పుగా అనుకోవద్దు. రెండు రీడింగులూ ఒకే మనిషివిలా లేవు. సర్టిఫికెట్ కోసం ఎవరైనా..."

"ఎవరు? మా నాన్నా?"

"నేను కట్టుకుంటే మీ కంప్యూటర్ పేలిపోయేది బాబూ" అన్నాడు తండ్రి నొచ్చుకుంటూ. "రెండు పూటలా బీపీ మాత్రలు మింగేవాణ్ణి."

ఆమె గుడ్డ తెర చాటుకి వెళ్ళి బెల్ట్ విప్పి తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. విసిరేసినా అతనికి అంత నొప్పి ఉండేది కాదు.

"తలనొప్పి దాచిపెట్టానేమో అనుకున్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు అబద్ధాలకోరునని అంటున్నారు. నేను బరువులు మోసే మనిషినండీ. నా కింద పాతికమంది పనిచేస్తారు. ఒంట్లో బాగాలేకపోతే ఆ నిచ్చెన నేనే ఎక్కను. ఆ మాత్రం నమ్మకం మీకు లేకపోయాక, ఇన్నాళ్ళూ నాతో మీరు మాట్లాడిందేంటి?"

ఆమె బయటికి వెళ్ళిపోయింది. తండ్రి ఆమె వెనకే పరుగెత్తాడు, గొడుగు మర్చిపోయి. అద్దం తలుపు అవతల వాన ఏటవాలుగా, వీధిలో ఎవరినీ వదలకుండా కొడుతోంది. ఆమె వరండా చివర నిలబడి చెయ్యి చాపి వానని తోసేస్తున్నట్టు ఆడిస్తోంది. కోపంలో కూడా అందంగా ఉండటం ఏం న్యాయమో అతనికి అర్థం కాలేదు.

* * *

నేను తప్పుగా అని ఉంటే?

ఈ ప్రశ్న అతన్ని కుర్చీలోంచి లేపింది. మనిషి నిజం చెబుతున్నదైతే, అబద్ధం చెబుతున్నది యంత్రం కావాలి. బెల్ట్!

ఎందుకు తట్టలేదు ముందే? అతను తెర చాటుకి పరుగెత్తి, బెల్ట్ శుభ్రంగా తుడిచి, చొక్కా కింద తనే కట్టుకుని వచ్చి కంప్యూటర్ ముందు నిలబడ్డాడు.

డెబ్భై. అక్కడక్కడే నిలబడి గెంతాడు. కాస్త పెరిగింది. ఆగాడు. మళ్ళీ డెబ్భై. దీపంలా నిలకడగా ఉంది.

బెల్ట్ కూడా నిర్దోషేనా? అతను నీరుగారిపోయాడు.

తలుపు తెరుచుకుంది. వాన చినుకులు జుట్టుకి అంటుకుని ఆమె నిలబడి ఉంది.

"నా బూట్లు" అంది ముక్తసరిగా. ట్రెడ్‌మిల్ పక్కకి వచ్చి, అతని వంక చూడకుండా వంగి బూట్లు తీసుకుంది. లేస్తూ ఒక్క క్షణం చూసింది. "గొడుగు కూడా" అని చేర్చింది.

కంప్యూటర్‌లో టిక్ టిక్ టిక్ టిక్.

అతను తెర వంక చూశాడు. తొంభై. తొంభై ఎనిమిది. నూట ఐదు.

ఆమె వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. అతను గాలిలోకి ఎగిరినంత పని చేశాడు.

"దొరికింది! బెల్టే పాడైపోయింది!"

సంబరంతో పెద్ద డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తాడు. నరాల వైద్యంలో జుట్టు నెరిసిన మనిషి ఆవిడ. సర్టిఫికెట్ మీద చివరి సంతకం ఆవిడదే. ముక్కు మీద కళ్ళద్దాలు, చేతిలో సగం తొక్క తీసిన అరటిపండు.

"మేడమ్, బెల్ట్ పిచ్చిగా గెంతుతోంది! నాకు కట్టుకున్నా గెంతింది! ఆ అమ్మాయి తప్పు కాదు. నేను అనవసరంగా... మేడమ్, చాలా ఘోరమైన మాట అనేశాను."

ఆవిడ అరటిపండు తినడం పూర్తిచేసి తొక్క చెత్తబుట్టలో వేసింది. "ఏం మాట?"

చెప్పాడు.

"ఛీ" అంది ఆవిడ తృప్తిగా. "సరే. ఆ బెల్ట్ ఇలా ఇవ్వు. ఆ అమ్మాయిని నా గదిలోకి పంపు. ఇక్కడి ట్రెడ్‌మిల్ మీద పరీక్ష మొదటి నుంచీ నేనే చేస్తాను. నువ్వు బయట కూర్చో."

"కొత్త బెల్ట్ తీసుకోండి మేడమ్, ఇది..."

"ఇదే కావాలి నాకు. నువ్వు బయట కూర్చో అన్నానా?"

* * *

నడవాలో పొడుగాటి బల్ల మీద ఒక చివర తండ్రి, ఒక చివర ఫిజియో. మధ్యలో గొడుగు. లోపలి నుంచి ట్రెడ్‌మిల్ హోరు.



"క్షమించండి" అన్నాడు ఫిజియో చివరికి. "అలా అని ఉండకూడదు."

"నాకెందుకు చెబుతారు బాబూ? దానికి చెప్పండి. అది వినదు, కానీ చెప్పండి."

లోపల హోరు పెరిగింది. ఆ చప్పుడుతో పట్టా ఏ వేగంలో ఉందో ఫిజియోకి తెలుస్తోంది. ఇంత దాకా తన దగ్గర ఆమె ఎప్పుడూ పరుగెత్తలేదు.

"నేనూ చేశానుగా తప్పు" అన్నాడు తండ్రి. "తెరలు కట్టి చీకట్లో పెట్టాను. దీపం వేస్తే చచ్చిపోతుందేమో అన్నంత భయం. ఆ గదిలోంచి దాన్ని మళ్ళీ నవ్వుతూ బయటికి తెచ్చింది మీరు. ఇవాళ మీరు నమ్మకపోయినా నాకు కోపం రాలేదు. నాలాగే భయపడ్డారు, అంతే."

ఫిజియో తలుపు వంక చూశాడు. "పైన తూలిపడుతుందేమోనని..."

"తెలుసు." తండ్రి గొడుగు తీసి అవతల పెట్టి కొంచెం దగ్గరికి జరిగాడు. "ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర రోజూ మీ గొడవే. టవల్ గారు ఇలా అన్నారు, టవల్ గారు అలా చూశారు. నేను బస్సులో ఏం జరిగిందో చెప్పబోతే వినే నాథుడు లేడు."

"అలాగా?" అన్నాడు ఫిజియో. ఆ ఒక్క మాట అనడానికి మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అవును గానీ, మీకు పెళ్ళయిందా బాబూ?"

"ఇంకా... లేదండీ. ఎందుకు?"

"ఊరికే. బస్సు డ్రైవర్లకి నలుగురి సంగతీ కావాలి."

లోపల హోరు ఉధృతమై, ఉన్నట్టుండి తగ్గడం మొదలైంది. ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారు. తలుపు వంక చూస్తూ ఊపిరి బిగబట్టారు. వాన కూడా చెవి ఒగ్గి వింటున్నట్టు కాస్త నెమ్మదించింది.

తలుపు తీసుకుని డాక్టరమ్మ తల బయట పెట్టింది. "రండి ఇద్దరూ."

* * *

ఆమె స్టూలు మీద కూర్చుని సీసాతో గటగటా నీళ్ళు తాగుతోంది. ముఖం ఎర్రగా కందింది, చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుంది. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

"అమ్మడూ?" తండ్రి ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

"చాలా బాగున్నాను నాన్నా" అంది ఆమె. గెలిచి వచ్చిన నవ్వు.

తెర మీద అంకె చకచకా దిగుతోంది.

"చూశావా బ్రేకులు ఎంత చక్కగా పడుతున్నాయో" అంది డాక్టరమ్మ. "కాళ్ళు ఇక ఆడవు మహాప్రభో అనేదాకా పరుగెత్తించాను. పడుకోబెట్టి లేపి నిలబెట్టాను. అన్నీ సక్రమం. ఈ పిల్లకి పూర్తిగా నయమైంది."

"తలనొప్పి లేదని తనే చెబితే సరిపోదు కదా మేడమ్..." అనేసి నాలుక కరుచుకున్నాడు ఫిజియో. ఆమె సీసా దించి అతని వంక చూసింది.

"నోటి మాట ఎవరిక్కావాలి? పరుగయ్యాక కళ్ళ కదలిక చూశాను. ఒంటికాలి మీద నిలబెట్టాను. అంకెలు వెనక నుంచి ముందుకి చెప్పించాను. ఒక్కటి తప్పలేదు. నోరు అబద్ధం ఆడుతుందేమో గానీ కళ్ళూ కాళ్ళూ కలిసి ఆడలేవు." ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "అసలు నువ్వే పట్టుకోవాల్సిందయ్యా ఇది. నీ దగ్గర నూట ముప్పై దాటినా తలలో ఒక్క పోటు లేదు. బాగుపడని తలైతే ఆ దడకి గోల పెట్టేది. నువ్వు ఏ అంకె చూసి హడలిపోయావో, ఆ అంకే ఈమెకి తగ్గిపోయిందని చెబుతోంది."

అతను గోడకి ఆనుకున్నాడు. నిజమే. ఎంత మామూలు సంగతి! తను ఇంకో పేషెంట్‌కైతే క్షణంలో చెప్పి ఉండేవాడు. ఇన్నాళ్ళుగా గుండెల మీద మోస్తున్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఆమె తూలదు. పడదు. పైకెక్కుతుంది. అతనికి ఉన్నట్టుండి పిచ్చి ఆకలి వేసింది.

డాక్టరమ్మ సంతకం పెట్టి, ముద్ర కొట్టి, సర్టిఫికెట్‌ని తన ఫోన్‌తోనే ఫొటో తీసి పంపించింది. రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ మోగింది. ఈసారి ఆమే ఎత్తింది. మేనేజర్ గొంతు గది అంతా వినిపించింది. "పొద్దున్నే వచ్చెయ్! ఈ కొత్తవాడు నిచ్చెన చూసి ఇప్పటికే నీళ్ళు నములుతున్నాడు!"

తండ్రి అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి ఫిజియో తన టవల్ ఇచ్చాడు. ఇచ్చి, ఆమె ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"మీ మీద అనుమానపడ్డాను. అది అజాగ్రత్తగా నోరు జారడం కాదు, తప్పు. క్షమించండి."

ఆమె బూటు లేసు ముడి వేసుకుంది. అంతవరకూ ముడతపడి ఉన్న కనుబొమలు విచ్చుకున్నాయి.

"రేపు నేను పైన కూర్చున్నాక ఇంకోసారి చెప్పండి. అక్కడి నుంచి అందరూ చిన్నగా కనిపిస్తారు, తేలిగ్గా క్షమించేయొచ్చు."

డాక్టరమ్మ ఆమె ఫైలు మూసి తన సొరుగులో పడేసింది. "నా సంతకంతో ఈ కేసు ముగిసింది. ఈ క్షణం నుంచీ ఈ అమ్మాయి మన పేషెంట్ కాదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్. కానీ ఆ బెల్ట్ మాత్రం మార్చాలి" అన్నాడు ఫిజియో పట్టుదలగా.

"బెల్ట్‌కేం? నా దగ్గర మొదటి నుంచీ చివరిదాకా ముత్యంలా పనిచేసింది."

"లేదు మేడమ్, అటు చూడండి!" అతను తెర వైపు వేలు చూపించాడు. దిగుతూ వచ్చిన అంకె ఎప్పుడో దిగడం మానేసింది. ఇప్పుడు మళ్ళీ పైకి పాకుతోంది. "చూశారా? ఊరికే కూర్చుని ఉన్నా పెరుగుతోంది! ఇందాక నాకూ ఇంతే. ఒక్కణ్ణే ఉన్నంతసేపూ డెబ్భై. బూట్ల కోసమని ఈవిడ లోపలికి వచ్చారా, అంతే, వెంటనే నూట..."

ఆగిపోయాడు.

"ఊఁ, చెప్పు" అంది డాక్టరమ్మ. "ఎవరు లోపలికి వచ్చారన్నావ్?"

అతను నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ముందు చెవులు, తర్వాత మెడ, చివరికి ముక్కు కొస కూడా ఎర్రబడ్డాయి. తలుపు సందులోంచి రిసెప్షన్ అక్క నవ్వు వినిపించింది.

"ఇంట్లో ఒంటరిగా ఉంటే బాగుంటుంది. నా దగ్గర పరుగెత్తితే బాగుంటుంది. నువ్వు ఒక్కడివే కట్టుకుంటే బాగుంటుంది" డాక్టరమ్మ తాపీగా కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. "మీరిద్దరూ ఒకే గదిలో ఉంటే మాత్రం పాడైపోతుంది. పాపం బెల్ట్."

ఆమె సీసా చాటున ముఖం దాచుకుంది. నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. అయినా తాగుతూనే ఉంది.

వీటిలో ఒక్క ముక్క కూడా తండ్రి చెవికెక్కలేదు. అతని చూపు తెర మీదే ఉంది. టవల్ పిండేస్తూ లేచాడు.

"మీరంతా నవ్వుతున్నారు గానీ నాకు భయంగా ఉంది. అమ్మడూ, రేపు పైకెక్కేదానివి. అంత ఎత్తులో ఒక్కదానివే ఉండగా ఈ దడ మళ్ళీ వస్తే?"

"పైన రాదు నాన్నా."

"ఎలా చెప్పగలవు?"

"పైకి ఆ మనిషి రాడు కదా."

"ఏ మనిషి?" తండ్రి కూతుర్ని చూశాడు, డాక్టరమ్మని చూశాడు, గోడకి కరుచుకుపోయిన ఫిజియోని చూశాడు. అతని నుదుటి ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. అయినా నలుగురి సంగతీ కావాల్సిన మనిషి, పేరు కూతురి నోటితోనే వినాలనుకున్నాడు. "సూటిగా చెప్పు తల్లీ. నా కూతురి గుండెని ఇన్నాళ్ళూ ఇలా పరుగెత్తించిన దొంగ ఎవరు?"

ఆమె సీసా దించింది. తెర మీద అంకె నూట ఇరవై దాటింది. ఈసారి ఆమె దాన్ని దాచాలనుకోలేదు. నిటారుగా నిలబడి చెయ్యి చాపి చూపించింది.

"ఇంకెవరు నాన్నా? ఇదిగో, ఈ టవల్ గారే!"